3,267 రూపాయల ఇల్లు: గోదావరి డెల్టాలో బడి సిబ్బందికి నివాసం ఎందుకు దొరకదు?

కొత్తగా ఉద్యోగంలో చేరిన సెకండరీ గ్రేడ్ టీచరు జీతం బిల్లులో మూల వేతనం 32,670 రూపాయలని ఉంటుంది. దాని కింద కరువు భత్యం, ఆ కింద ఇంటి అద్దె భత్యం. పోస్టు కోనసీమలో ఏ లంక గ్రామంలోనో, నరసాపురం దిగువన ఏ తీర గ్రామంలోనో పడితే ఆ మూడో అంకె 3,267. అంటే మూల వేతనంలో సరిగ్గా 10 శాతం. ఈ అంకె ఎలా వచ్చింది, ఆ డబ్బుకు డెల్టాలో తలుపు వేసుకునే ఇల్లు వస్తుందా, రాకపోతే ప్రభుత్వ గృహ పథకాల్లో బడి సిబ్బందికి చోటెక్కడ అన్న మూడు ప్రశ్నలూ ఒకే ముడిలో బిగిసి ఉన్నాయి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగి కొత్తవాళ్లు బడుల్లో చేరాక ఈ ముడి మరోసారి పైకి తేలింది. నియామకాలు నేటికీ ఉమ్మడి జిల్లా ప్రాతిపదికనే జరుగుతున్నందున తుని వైపు పుట్టి పెరిగిన అమ్మాయికి సఖినేటిపల్లి మండలంలో పోస్టు రావడం వింత కాదు. అక్కడికి రోజూ ఇంటి నుంచి వెళ్లి రావడం మాత్రం ఎవరి తరమూ కాదు.

చర్చ ఎప్పుడు మొదలైనా అది ఇళ్ల స్థలాల మీదకే పోతుంది. ఉపాధ్యాయులకు స్థలాలివ్వాలి, టీచర్స్ కాలనీలు కట్టాలి, గృహ రుణాలు పెంచాలి అంటారు. ఈ కోరికలు అన్యాయమైనవి కావు గానీ, అసలు ఇబ్బంది అక్కడ లేదని నా అభిప్రాయం. ఉపాధ్యాయుడిది బదిలీ ఉద్యోగం. బదిలీల చట్టం ప్రకారం ఉపాధ్యాయుడు ఒక బడిలో గరిష్ఠంగా 8 విద్యా సంవత్సరాలు, ప్రధానోపాధ్యాయుడు 5 విద్యా సంవత్సరాలు మాత్రమే ఉండగలరు. అలాంటివారికి పని చేసే ఊళ్లో కావలసింది మంచి అద్దె ఇల్లు. మన పథకాలు, రుణాలు, రాయితీలు దాదాపు అన్నీ సొంత ఇంటి కోసమే తయారయ్యాయి.

శ్లాబుల లెక్క

ఇంటి అద్దె భత్యం ఎంత రావాలన్నది ఉద్యోగి ఎంత అద్దె కడుతున్నాడన్న దాని మీద ఆధారపడదు. పని చేసే చోటు జనాభా ఎంత అన్నదే లెక్క. 2015 వేతన సవరణలో గ్రామీణ ప్రాంతాలకు 12 శాతం, 50 వేలు దాటిన పట్టణాలకు 14.5 శాతం, పెద్ద నగరాలకు 20 శాతం ఉండేది. 2022 జనవరిలో వచ్చిన ఉత్తర్వులు చాలా ప్రాంతాలకు దీన్ని 8 శాతానికి దించాయి. ఆ ఫిబ్రవరిలో ఉద్యోగులు, ముఖ్యంగా ఉపాధ్యాయులు, విజయవాడ రోడ్లను ఎలా నింపేశారో అందరికీ గుర్తుండే ఉంటుంది. చర్చల తర్వాత 50 వేల లోపు జనాభా ఉన్న ప్రాంతాలకు 10 శాతం, 50 వేల నుంచి 2 లక్షల వరకు 12 శాతం, ఆపైన 16 శాతం అని ఖరారైంది. జిల్లా కేంద్రాలకూ 16 శాతం వర్తింపజేశారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అమలాపురం, భీమవరం లాంటి కొత్త జిల్లా కేంద్రాలకు కూడా 2023లో 12 నుంచి 16 శాతానికి పెంచారు.

దీన్ని డెల్టా పటం మీద పరిచి చూస్తే చిత్రంగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో 50 వేలు దాటిన పాలకొల్లు, నరసాపురం, తణుకు, మండపేటల్లో పనిచేసే కొత్త టీచరుకు 12 శాతం, అంటే నెలకు 3,920 రూపాయలు. అదే మూల వేతనానికి అమలాపురంలో 5,227. ఆ లెక్కల్లో 50 వేలకు అందని రామచంద్రపురంలో 3,267. జాతీయ రహదారి మీద, అరటి మార్కెట్టు పక్కన, కోనసీమకు వాకిలిలా ఉన్న రావులపాలెం పంచాయతీ కాబట్టి అక్కడా 3,267. అద్దెకు ఇల్లు వెతుక్కున్న ఎవరినడిగినా రావులపాలెంలో ఇంటి యజమానులు జనాభా లెక్కల పుస్తకం చూసి అద్దె చెప్పరని తెలుస్తుంది. బస్సు ఎన్ని వైపులకు దొరుకుతుంది, కాలేజీ ఎంత దూరం, భార్యాభర్తలిద్దరికీ రెండు వేర్వేరు మండలాల్లో ఉద్యోగమైతే మధ్యలో పడేది ఏ ఊరు అన్నవే అద్దెను నిర్ణయిస్తాయి. పదిహేనేళ్ల నాటి జనాభాకు వీటిలో దేనితోనూ సంబంధం లేదు.

ఇంకొక మెలిక ఉంది. భత్యం లెక్క పని చేసే చోటును బట్టే గాని కాపురం ఉండే చోటును బట్టి కాదు. లంక బడిలో పనిచేస్తూ పిల్లల చదువు కోసం అమలాపురంలో కాపురం పెట్టినవారు అమలాపురం అద్దె కట్టి లంక శ్లాబు తీసుకుంటారు. పైగా శాతం మూల వేతనం మీదే గనుక, 20 ఏళ్ల సర్వీసున్నవారికి అదే ఊళ్లో దాదాపు రెండింతలు వస్తుంది. ఆ పాటికి వాళ్లలో చాలామంది సొంత ఇల్లు కట్టుకుని ఉంటారు. ఇల్లు లేని కొత్తవారికి తక్కువ, ఇల్లున్న పాతవారికి ఎక్కువ వచ్చే ఈ ఏర్పాటులో భత్యం పేరే మిగిలింది. నిజానికి అది జీతంలో ఒక భాగంగా మారిపోయింది. ఉద్యోగ సంఘాలు దాని శాతం కోసమే పోరాడి, అద్దె ఇళ్ల లభ్యత గురించి ఎన్నడూ గట్టిగా అడగకపోవడానికి ఇదే కారణమని నాకనిపిస్తుంది. సంఘాల మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు, అయినా ఈ మాట అనక తప్పదు.

మారుమూల బడిలో పనిచేసే కష్టాన్ని ప్రభుత్వం అసలు గుర్తించలేదా అంటే, గుర్తించింది. దాన్ని పాయింట్ల రూపంలో గుర్తించింది. అద్దె భత్యం శ్లాబుల ఆధారంగానే బడులను నాలుగు కేటగిరీలు చేసి, బదిలీల్లో మొదటి కేటగిరీకి ఏడాదికి 1, రెండో దానికి 2, మూడో దానికి 3, సరైన రోడ్డు కూడా లేని నాలుగో కేటగిరీకి 5 పాయింట్ల చొప్పున ఇస్తారు. ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు లంకల్లో పనిచేసినవారికి ఈ అయిదు పాయింట్ల విలువ బాగా తెలుసు. ఈ ఏర్పాటు తార్కికంగానే ఉంది గానీ, దాని ఫలితాన్ని గమనించాలి. కష్టమైన చోట కాపురముండటానికి సాయం అందదు, అక్కడి నుంచి తొందరగా బయటపడటానికే అందుతుంది. పాయింట్లు పోగుపడగానే మాస్టారు వెళ్లిపోతారు, ఆయన స్థానంలో మరో కొత్త ఉద్యోగి వస్తారు, ఆ ఊరి పిల్లలు మాత్రం ఎప్పుడూ కొత్తగా చేరినవారి దగ్గరే చదువుకుంటారు.

మెరక నేల, రేవు, తొమ్మిది గంటలు

డెల్టాలో ఇల్లు ఖరీదు కావడానికి ఇటుక, సిమెంటు కన్నా నేల పెద్ద కారణం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు అందిన ప్రతి గజమూ వరి చేనయింది, తర్వాత కొబ్బరి తోట, చాలాచోట్ల ఇప్పుడు రొయ్యల చెరువు. ఊరంటే చుట్టూ పల్లపు భూముల మధ్య ఒక మెరక. ఆ మెరక తరాల కిందటే నిండిపోయింది. కొత్తగా ఇల్లు కట్టాలంటే చేను కొని, లారీల కొద్దీ మట్టి తోలి మెరక చేయించి, ఒకటి రెండు వానాకాలాలు దిగనిచ్చి, ఆపైన నల్లరేగడిలో కదలని పునాది వేయించాలి. మట్టి తోలకానికీ పునాదికీ పోయిన డబ్బు బయటికి కనపడదు, అద్దెలో మాత్రం కనపడుతుంది. అందుకే పల్లెల్లో అద్దెకివ్వడానికని ఎవరూ ఇల్లు కట్టరు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లల కోసమని మేడ కట్టుకుని, వాళ్లు రానప్పుడు పై పోర్షను అద్దెకిస్తారు. సంక్రాంతికి పిల్లలు వస్తే ఖాళీ చేయాలన్న షరతు కూడా అప్పుడప్పుడూ ఉంటుంది.

పట్టణాల్లో ఇళ్లకు కొదవలేదు గానీ పోటీ ఉంది. భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, రొయ్యల శుద్ధి కర్మాగారాల సిబ్బంది, బ్యాంకులవాళ్లు గదులకు గదులు పట్టేస్తారు. నలుగురు విద్యార్థులు తలా కొంత వేసుకుని ఇచ్చే అద్దెను ఒక కొత్త టీచరు ఒంటరిగా ఇవ్వలేరు. అయితే యజమానులకు ఉపాధ్యాయులంటే ఒక నమ్మకం: అద్దె ఒకటో తారీకున నిక్కచ్చిగా వస్తుంది, గొడవలుండవు. ఆ నమ్మకం అందరికీ సమానంగా అందదన్న సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లిన టీచరును ముందు ఏ ఊరని, తర్వాత ఇంటిపేరేమిటని అడిగి, సమాధానం విన్నాక “మా తమ్ముడు వస్తానన్నాడండీ, మర్చిపోయాను” అనడం మన జిల్లాల్లో ఎవరూ చూడనిది కాదు. ఎస్సీ ఉపాధ్యాయులు బడి ఉన్న ఊరు వదిలి పట్టణంలో ఇల్లు వెతుక్కోవడానికి పిల్లల చదువు ఒక్కటే కారణం కాదు. భత్యాన్ని 10 నుంచి 20 శాతం చేసినా ఈ తలుపు తెరుచుకోదు. ప్రభుత్వమో జిల్లా పరిషత్తో యజమానిగా ఉన్న ఇల్లయితేనే తెరుచుకుంటుంది.

ఇక దూరం సంగతి. డెల్టాలో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. నరసాపురం గట్టు మీద నిలబడితే గోదావరి వశిష్ఠ పాయకు అవతల సఖినేటిపల్లి కళ్లెదుటే ఉంటుంది. పొద్దున ఎనిమిది గంటలకు రేవులో పంటు (బైకుల్నీ దాటించే బల్లకట్టు లాంటి పడవ) ఎక్కే బైకుల వరుసలో లంచ్ బ్యాగులు తగిలించుకున్నవాళ్లు చాలావరకు ఉపాధ్యాయులే. పంటు నడిస్తే నిమిషాల్లో అవతలికి చేరతారు. వరదకో గాలికో రేవు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఎదుర్లంక, యానాంల మధ్య 2002లో వంతెన పూర్తయినప్పుడు కాకినాడలో కాపురం ఉండి ముమ్మిడివరం వైపు పనిచేయడం ఒక్కసారిగా సాధ్యమైంది. అంటే ఒక వంతెన వందల మందికి ఇంటి సమస్య తీర్చింది. కోటిపల్లి నుంచి నరసాపురానికి 2000–01లో మంజూరైన రైలు మార్గం పూర్తయి ఉంటే మరెందరికి తీరేదో.

వంతెన లేనిచోట రేవు దాటడం చిన్న విషయం కాదు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి, బడి పిల్లలు గోదావరిలో కొట్టుకుపోయిన సంగతి ఆ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. 2022 నుంచి దీనికి మరో ఒత్తిడి తోడైంది. ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చాక తొమ్మిది గంటలంటే తొమ్మిది గంటలే. పంటు పది నిమిషాలు ఆలస్యమైందన్న సంగతి యాప్‌కు చెప్పుకోవడానికి వీలుండదు. అందువల్ల బడికి దగ్గరలో ఇల్లు అన్నది ఒకప్పటికన్నా ఇప్పుడు ఎక్కువ అవసరం. సరిగ్గా ఆ సమయంలోనే శాతం 12 నుంచి 10కి తగ్గింది.

పేద కాదు, స్తోమతా లేదు

గృహ పథకాల నిబంధనలు చదివితే బడి సిబ్బంది రెండు మెట్ల మధ్య ఎలా జారిపోతారో తెలుస్తుంది. గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇంట్లో ఒక్క ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా ఆ కుటుంబం జాబితా నుంచి తొలగిపోతుంది. రాష్ట్రం ఇచ్చే ఇళ్ల పట్టాలకు బియ్యం కార్డు కావాలి. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలైన పట్టాల పంపిణీలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చారు. 2024 తర్వాతి ప్రభుత్వం గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామంది. సెంటు అంటే 48.4 గజాలు. ఏది ఎంతైనా రెగ్యులర్ ఉపాధ్యాయుడికి అందులో చోటు లేదు, ఉండాలని నేను అనను కూడా. పల్లపు నేలకు మెరక చేయించి ఇస్తేనే గాని నిలబడని ఆ సెంటున్నర నిజంగా ఇల్లు లేనివాళ్లదే.

పట్టణాల కోసం 2024 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశ కొంత నయం. ఏడాదికి 9 లక్షల వరకు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారు 25 లక్షల వరకు గృహ రుణం తీసుకుంటే మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం మీద గరిష్ఠంగా 1.80 లక్షలు, అయిదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. కొత్త టీచరు ఒక్కరి జీతం ఈ పరిమితిలో ఇముడుతుంది. భార్యాభర్తలిద్దరూ టీచర్లయితే సాధారణంగా ఇమడదు. పైగా ఇది పట్టణాలకూ పట్టణాభివృద్ధి సంస్థల పరిధికీ మాత్రమే.

రుణం సంగతి ఒక్కసారి లెక్క వేద్దాం. 20 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలవాయిదా 17,356 రూపాయలు. కొత్త టీచరు మూల వేతనంలో అది సగం దాటిపోయింది. పాత తరం మాస్టార్లు ఇదే పని ఎలా చేయగలిగారంటే వాళ్లకు ప్రావిడెంట్ ఫండ్ ఉండేది. ఇల్లు కట్టుకోవడానికి, పిల్ల పెళ్లికి అందులోంచి తీసుకునేవారు. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి సీపీఎస్, అంటే జాతీయ పింఛను పథకం కింద చందాతో నడిచే పింఛను వచ్చింది, ఆ ఫండు పోయింది. జాతీయ పింఛను పథకంలో తన వాటా చందాలో 25 శాతం వరకు ఇంటి కోసం తీసుకోవచ్చు గానీ, ఉద్యోగంలో చేరిన అయిదేళ్లకు ఆ పాతిక శాతం పునాదికి తోలించే మట్టికి కూడా చాలదు. సీపీఎస్ గురించి ఇరవై ఏళ్లుగా పింఛను కోణంలోనే మాట్లాడుకుంటున్నాం. డెల్టాలో ఎంతమంది ఇంటి ముగ్గును అది వాయిదా వేసిందో ఎవరూ లెక్కించలేదు.

ఆదాయ పన్ను మినహాయింపు గురించి రెండు మాటలు చాలు. పాత విధానంలో కట్టిన అద్దెలోంచి జీతంలో 10 శాతం తీసేయగా మిగిలినదానికే మినహాయింపు వర్తిస్తుంది. పల్లెటూరి అద్దెల్లో మిగిలేది స్వల్పం. కొత్త విధానంలో అదీ లేదు.

టీచర్స్ కాలనీల మాటేమిటి? డెల్టాలో ప్రతి పట్టణం అంచునా ఒక టీచర్స్ కాలనీయో ఎన్జీవో (నాన్ గెజిటెడ్ ఉద్యోగుల) కాలనీయో ఉంది. ఉద్యోగులు సహకార సంఘంగా ఏర్పడి ఎకరాల లెక్కన చేను కొని, గజాల లెక్కన పంచుకున్న కాలంలో పుట్టినవి అవి. ఆ రోజుల్లో చేను ధర జీతానికి అందేది. ఇప్పుడు ప్రభుత్వమే చౌకగా భూమి ఇవ్వాలంటే న్యాయపరమైన అడ్డంకి ఉంది. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు హైదరాబాద్ నగర పరిధిలో ప్రజా ప్రతినిధులు, న్యాయమూర్తులు, అధికారులు, పాత్రికేయుల హౌసింగ్ సొసైటీలకు తక్కువ ధరకు చేసిన భూ కేటాయింపులను కొట్టేసింది. ఉపాధ్యాయులు ఆ తరగతివాళ్లు కారని వాదించవచ్చు. కానీ ఒక వృత్తి పేరు మీద ప్రభుత్వ భూమి పంచడం ఇకపై తేలిక కాదు. 2022లో మధ్యతరగతి లేఅవుట్లలో ప్రభుత్వ ఉద్యోగులకు 10 శాతం ప్లాట్లు, 20 శాతం రాయితీతో ఇస్తామన్న ప్రకటన వచ్చింది. అదీ చివరికి స్థలం కొనుక్కునే పథకమే.

బడి అంటే టీచర్లే కాదు

ఇప్పటిదాకా చెప్పినదంతా స్కేలు జీతం ఉన్నవారి గొడవ. బడి గేటు తీసేది, మరుగుదొడ్లు కడిగేది, అన్నం వండేది వేరేవాళ్లు. ఆయాకు నెలకు 6 వేలు, మధ్యాహ్న భోజనం వండే కార్మికురాలికి 3 వేలు. వీళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లే కాబట్టి అద్దె గొడవ ఉండదనుకుంటాం. కానీ వీళ్ల ఇళ్లే కాలువ గట్ల మీద, పంట బోదెల పక్కన, ఏటిగట్టు లోపలి లంకల్లో ఉంటాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు బడులు పునరావాస కేంద్రాలయ్యాయి. ఆ కేంద్రాల్లో పొయ్యి దగ్గర నిలబడింది ఈ ఆడవాళ్లే, సాయంత్రం అదే వరండాలో తమ పిల్లలతో పడుకున్నదీ వీళ్లే. వీళ్లకు పథకాల్లో అర్హత ఉంది. వీళ్ల ఇబ్బంది స్థలం పల్లంలో ఉండటం, కట్టుకోవడానికి చేతిలో డబ్బు లేకపోవడం.

నడుమన మరో రెండు వర్గాలున్నాయి. పాత డీఎస్సీల నుంచి ఆలస్యంగా తీసుకున్న కాంట్రాక్టు ఉపాధ్యాయులకు మినిమమ్ టైమ్ స్కేల్, అంటే స్కేలులోని కనీస వేతనం మాత్రమే ఉంటుంది, దాని మీద అద్దె భత్యం అంటూ విడిగా రాదు. ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు ఆ స్కేలూ లేదు. భీమవరం, తణుకు, రాజమహేంద్రవరాల్లో అద్దె గదుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటూ, వేసవి రెండు నెలలు జీతం వస్తుందో రాదో తెలియకుండా బతికేది వీళ్లు. “ఉపాధ్యాయులకు ఇళ్లు” అనే ఏ పథకమైనా ప్రభుత్వ గుర్తింపు కార్డు దగ్గర ఆగిపోతే, అవసరం ఎక్కువ ఉన్న సగాన్ని బయటే వదిలేసినట్టవుతుంది. నా వరకు ఇది చిన్న లోపం కాదు.

క్వార్టర్లు ఎందుకు కూలిపోయాయి

నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాల ఆవరణలో, కొబ్బరి చెట్ల వెనక, హెడ్‌మాస్టరు క్వార్టరు అనే పెంకుటిల్లు ఉండేది. రెండు గదులు, ముందు అరుగు, వెనక నుయ్యి. నేను చేరేటప్పటికి దాని వాసాలు ఒరిగి, గదుల్లో విరిగిన బెంచీలు, గట్టిపడిన సిమెంటు బస్తాలు, పాత జవాబు పత్రాల కట్టలు ఉండేవి. ఆ అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం అన్నం తినేవాళ్లం. దాన్ని బాగు చేయించమని ఎవరికి రాయాలో మా హెడ్‌మాస్టారికి చివరిదాకా అంతు చిక్కలేదు.

అంతు చిక్కకపోవడానికి కారణం పద్దుల్లో ఉంది. జిల్లా పరిషత్ ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వ ఖజానా నుంచి 010 పద్దు కింద వస్తుంది. ఉద్యోగి క్వార్టర్లో ఉంటే ఇంటి అద్దె భత్యం రాదు, ఆ సొమ్ము ఖజానాకు మిగులుతుంది. ఇంటి పైకప్పు మరమ్మతు మాత్రం పరిషత్ సొంత నిధుల మీద పడుతుంది. పది మంది కొత్త టీచర్లు పది క్వార్టర్లలో ఉంటే నెలకు 3,267 చొప్పున ఏడాదికి 3,92,040 రూపాయలు భత్యం మిగులుతుంది. ఆ మిగిలిన సొమ్ము మరమ్మతు చేయాల్సినవారి చేతికి రాదు. ఇల్లు ఒకరిది, లాభం ఒకరిది, ఖర్చు మరొకరిది అయినప్పుడు ఏ కట్టడమైనా కూలకుండా ఎన్నాళ్లుంటుంది? ఉద్యోగి వైపు నుంచి చూసినా, కారే కప్పు కింద ఉండి భత్యం వదులుకోవడం కన్నా భత్యం తీసుకుని పట్టణం నుంచి తిరగడమే మేలనిపిస్తుంది.

క్వార్టర్ల పద్ధతే చెడ్డదని దీని అర్థం కాదు. పెద్దాపురం, పెదవేగిల్లోని నవోదయ విద్యాలయాల్లో సిబ్బంది ఆవరణలోనే ఉంటారు. అక్కడ కట్టేది, బాగు చేసేది, జీతమిచ్చేది ఒకే సంస్థ. మన కాలువల మీద లాకుల దగ్గర చూడండి, లస్కర్లకు ఇళ్లు కట్టారు. అర్ధరాత్రి తలుపు ఎత్తవలసినవాడు అక్కడే ఉండాలని నీటిపారుదల శాఖ ఏనాడో గ్రహించింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా గ్రామీణ ప్రాంతాల్లో బడి ఆవరణలోనో దగ్గర్లోనో ఉపాధ్యాయులకు నివాసం కల్పించడం, లేదా అద్దె భత్యం పెంచడం ముఖ్యమైన ప్రోత్సాహకమని రాసుకుంది. రాష్ట్రంలో ఈ రెండింటిలో భత్యం తగ్గింది, నివాసం కల్పించడం మొదలు కాలేదు.

ఈ మధ్య కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మనవాళ్ల నోట ఒక ఉదాహరణ వింటున్నాం. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన డేలీ సిటీలో ఒక హైస్కూల్ డిస్ట్రిక్ట్ తన సొంత స్థలంలో 122 ఫ్లాట్లు కట్టి 2022లో ఉపాధ్యాయులకూ ఇతర బడి సిబ్బందికీ మార్కెట్టు కన్నా తక్కువ అద్దెకిచ్చింది. అందుకు ముందు 2018లో స్థానిక ఓటర్లు బాండ్ల జారీకి ఓటేశారు. అక్కడి అద్దెలకూ మన అద్దెలకూ పోలిక లేదు. గమనించవలసింది మరొకటి. ఆ ఇళ్లు ఎవరికీ సొంతం కావు, బస్సు డ్రైవరుకూ వంటవారికీ కూడా అర్హత ఉంది, బడిని నడిపే సంస్థే ఇంటి యజమాని.

డెల్టాలో ఇలాంటిది చేయాలంటే ప్రతి బడి పక్కనా రెండు గదులు కట్టడం తెలివైన పని కాదు. 2022లో వచ్చిన 117వ నంబరు జీవోతో 3, 4, 5 తరగతులు ఉన్నత పాఠశాలలకు తరలిపోయాయి, 2025లో ఆ జీవోయే రద్దయింది. బడి స్వరూపం మూడేళ్లకోసారి మారే చోట, ఊరూరా కట్టిన క్వార్టరు పాత జవాబు పత్రాల గోదాముగా మిగులుతుంది. మండల కేంద్రంలోనో, నాలుగైదు లంకలకు రేవు కలిసే చోటో, పరిషత్ స్థలంలో ఇరవై ముప్పై వాటాల భవనం కడితే బడి మారినా ఇల్లు పనికొస్తుంది. 1996 నవంబరు తుపాను తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు ఎందుకు స్తంభాల మీద కట్టారో, ఈ భవనం కూడా అందుకే స్తంభాల మీద లేవాలి. అప్పుడు మట్టి తోలకం ఖర్చు తగ్గుతుంది, వరద వచ్చిన రాత్రి బడి తాళం చెవి ఉన్న మనిషి ఊళ్లోనే ఉంటారు. కొన్ని వాటాలు ప్రైవేటు ఉపాధ్యాయులకూ కాంట్రాక్టు సిబ్బందికీ మామూలు అద్దెకు ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముందు, అక్కడ ఉండేవారి భత్యం ఖజానాలో ఆగకుండా ఆ భవనం పేరున పరిషత్ ఖాతాలో జమయ్యేలా ఒక ఉత్తర్వు కావాలి. కేంద్ర పథకం రెండో దశలో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది గానీ అది పట్టణాలకే. సఖినేటిపల్లికీ కాట్రేనికోనకూ ఆ డబ్బు రాదు, రాష్ట్రమే చూసుకోవాలి.

మొదట చెప్పిన తుని వైపు అమ్మాయి లాంటివారు ఒకరు కిందటి నెల ఫోన్ చేసి, “మాస్టారూ, రాజోలు చుట్టుపక్కల చిన్న పోర్షనేమైనా ఉంటే చెప్తారా, ఒక్కదాన్నే ఉంటానండీ” అని అడిగారు. తెలిసిన నలుగురినీ వాకబు చేశాను. రెండు ఇళ్లలో ఒంటరి ఆడపిల్లకు ఇవ్వమన్నారు, ఒక చోట మూడు నెలల అడ్వాన్సు అడిగారు, నాలుగో చోట సంక్రాంతి షరతు పెట్టారు. చివరికి ఆవిడ నరసాపురంలో మరో టీచరుతో కలిసి గది తీసుకున్నారు. పొద్దున ఎనిమిదింటి పంటుకు సఖినేటిపల్లి దాటుతున్నారు, భత్యం మాత్రం సఖినేటిపల్లి లెక్కనే వస్తోంది.